ముక్క పడనప్పుడు

ఓపిక అన్న మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది. "ఓపిక పట్టు" అంటే తొందరపడకు, ఎదురుచూడు అని. "ఒంట్లో ఓపిక లేదు" అంటే శక్తి లేదని. మొదటిది గుణం, రెండోది సరుకు. గుణం ఎంత వాడినా తరగదని అనుకుంటాం. సరుకు తరుగుతుంది, ఎవరో ఎక్కణ్ణించో తెచ్చి మళ్ళీ నింపాలి. ఆడవాళ్ళ ఓర్పు గురించి మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ మొదటి అర్థంలోనే మాట్లాడతారు. భూదేవితో పోల్చడం కూడా అందుకే. ఆవిడకి ఒంట్లో ఓపిక ఉందో లేదో ఎవరూ అడగరు.

ఓపికని సరుకుగా లెక్క కట్టి చూసినవాళ్ళు నాకు మన నీతిగ్రంథాల్లో కన్నా పోకర్ ఆడేవాళ్ళలో ఎక్కువగా కనిపించారు. పేకాట మన ఇళ్ళలో కొంపలార్పిన వ్యసనం. ఆ మాటకి సాక్ష్యాలు మా కుటుంబంలోనే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు ఆట గురించి కాస్త చెప్పాలి.

హోల్డెమ్ అనే రకం పోకర్‌లో ఒక్కొక్కరికి రెండే ముక్కలు పంచుతారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా బల్లమీద అయిదు ముక్కలు తెరుస్తారు. 52 ముక్కల కట్టలోంచి చేతికి రెండు ముక్కలు రావడానికి 1326 విధాలున్నాయి. జత పడటం, అంటే రెండు రాజులో రెండు తొమ్మిదులో రావడం, సగటున పదిహేడు ఆటలకి ఒకసారి. రెండు ఆసులు పడటం 221 ఆటలకి ఒకసారి. మిగిలినవాటిలో చాలా భాగం పందెం కాయడానికి పనికిరానివే. అందుకని నిండు బల్ల దగ్గర కూర్చున్న మంచి ఆటగత్తె పది ఆటల్లో ఏడెనిమిదిటిని ముక్కలు చూసి, బోర్లా పెట్టి, పక్కకి తోసేస్తుంది. ఆ ఆటలో నేర్పరితనం చాలావరకు ఈ తోసెయ్యడంలోనే ఉంది.

వరసగా యాభై ఆటల్లో ఒక్క జత కూడా పడకపోవడం దాదాపు ఇరవైలో ఒకసారి జరుగుతుంది. యాభై ఆటలంటే ఇంచుమించు రెండు గంటలు. రెండు గంటలపాటు చెత్త ముక్కలే రావడం శాపమూ కాదు, ఎవరి కుట్రా కాదు, మామూలు సంగతి. పైగా ముక్కలకి జ్ఞాపకం ఉండదు. యాభైసార్లు పడలేదు కాబట్టి యాభై ఒకటోసారి పడి తీరాలన్న నియమం లేదు. ఇది తెలిసీ మనిషి ఉడికిపోతుంది. విసుగొచ్చి, పంతం పట్టి, ఎందుకూ పనికిరాని ముక్కలమీద డబ్బు పెడుతుంది. ఈ స్థితిని పోకర్‌లో టిల్ట్ అంటారు. తలకెక్కడం అనుకోవచ్చు. పోకర్ పుస్తకాల్లో పాఠాలు చాలావరకు దీన్ని తప్పించుకోవడం గురించే.

మరియా కొన్నికోవా కొలంబియాలో వాల్టర్ మిషెల్ దగ్గర మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామని చెప్పి, ఎవరు ఎంతసేపు ఆగగలరో చూసిన మనిషి మిషెల్. ఆయన శిష్యురాలు, పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని స్థితిలో మొదలుపెట్టి, ఎరిక్ సైడెల్ అనే ఆటగాడి దగ్గర పోకర్ నేర్చుకుని 2018లో బహామాస్‌లో ఒక పెద్ద పోటీ గెలిచింది. ఆ అనుభవంమీద 2020లో 'ద బిగ్గెస్ట్ బ్లఫ్' రాసింది. అందులో నాకు పనికొచ్చింది గెలుపు కథ కాదు. మొదట్లో తను అవసరానికి మించి వెనక్కి తగ్గేదాన్నని, గొడవెందుకులే అని సర్దుకుపోయే ఆడపిల్లల పెంపకం తన ఆటలోకి కూడా వచ్చిందని ఆమె గమనించుకున్న చోటు.

అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. పోకర్‌లో ఊరికే కూర్చోవడానికి కూడా ఖరీదుంది. ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టితీరాల్సిన పందేన్ని బ్లైండ్ అంటారు. ఎప్పుడూ పడేసేవాళ్ళ డబ్బు ఈ బ్లైండ్ల రూపంలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది. కాబట్టి ఆటలో ఓర్పు దానంతటదే మంచిగుణమేమీ కాదు. ఎంత ఖర్చుకి, ఎంతసేపు, దేనికోసం అన్నదాన్నిబట్టి అది తెలివి అవుతుంది, లేదా నెమ్మదిగా చావడం అవుతుంది. మనకి ఈ లెక్క లేకుండా ఓర్పు నేర్పారు.

ఇక మా ఇంటి సాక్ష్యం. మా మేనమామ రమ్మీ ఆడేవాడు. కోస్తాలో చిన్న పట్నం, సాయంత్రమయ్యేసరికి క్లబ్బు. ఆయన మంచి ఆటగాడని పేరు. ముక్కలు బాగాలేకపోతే కళ్ళు కూడా ఆర్పకుండా పడేసేవాడట, ఎంత పోయినా మొహంలో తెలిసేది కాదట. ఆ స్థైర్యాన్ని మెచ్చుకుంటూ ఆయన స్నేహితులు ఇప్పటికీ చెప్తారు. క్లబ్బుల్లో రమ్మీ గురించి సికింద్రాబాద్ కేసులో 1967లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. అది ప్రధానంగా నేర్పుమీద ఆధారపడిన ఆట అనీ, పడిన ముక్కల్ని గుర్తు పెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడంలో ఆ నేర్పు ఉందనీ దాని సారం. మామయ్యకి ఆ తీర్పు కంఠోపాఠం.

ఆయన స్థైర్యానికి పెట్టుబడి ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం తీర్పులో లేదు. మా అత్తయ్య మెడలోంచి, చేతులనుంచి, ఆఖరికి వంటింటి డబ్బాల్లోంచి వచ్చింది. చెడ్డరోజుల్ని తట్టుకోవడానికి విడిగా పెట్టుకున్న డబ్బుని పోకర్‌లో బ్యాంక్‌రోల్ అంటారు. అది ఎంత లోతుగా ఉంటే అంత ఓపిగ్గా ఆడొచ్చు. మామయ్యకి బ్యాంక్‌రోల్ అత్తయ్య. అత్తయ్యకి ఎవరూ లేరు. ఆమె పెళ్ళి 1974లో అయింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదు. 2005లో కేంద్రం చట్టం మార్చి ఆ తేడా తీసేసేనాటికి ఆమె పుట్టింటి పొలం అన్నదమ్ములు పంచుకోవడమూ అయింది, అమ్ముకోవడమూ అయింది.

ఇప్పుడు ఆమెకి డెబ్భై దాటాయి. మనవలతో ఆమే రమ్మీ ఆడుతుంది, బాగా ఆడుతుంది. ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేను రాస్తున్నదేమిటని అడిగింది. చెప్పాను. ముక్కలు బాగాలేనప్పుడు ఓర్పుగా ఉండటం గురించి అత్తయ్యా అన్నాను.

"మొదట్లోనే పడేస్తే ఇరవై. మధ్యలో పడేస్తే నలభై. చివరిదాకా ఉండి ఓడితే ఎనభై" అంది, రమ్మీ పాయింట్ల లెక్క. ఇంకో కాయ తీసుకుని, "నేను ఎనభై కట్టానమ్మా" అంది.

"నడుమన పడేద్దామని ఎప్పుడూ అనిపించలేదా?"

"అనిపించకేం. ముగ్గురు పిల్లల్ని చంకనేసుకుని ఏ గుమ్మంలో దిగను? మా అమ్మ ఓపిక పట్టవే అనేది. అంతకుమించి ఆవిడ దగ్గరా ఏం లేదు నాకివ్వడానికి."

పడేసే వీలున్న చోట పడేయకుండా ఉండటాన్నో, మంచి ముక్కకోసం ఆగడాన్నో ఓర్పు అనొచ్చు. ఆ వీలే లేనప్పుడు ఉన్నదాన్ని ఓర్పు అని పిలవడం, నాకు తోచినంతలో, మాటని తప్పుగా వాడటం. దానికి వేరే మాట కావాలి. సహనమూర్తి అని అత్తయ్యకి బంధువులు పెట్టిన పేరు ఆ మాట కాదు.

ఇంకో షరతు కూడా ఉంది. ఆటగాళ్ళ ఓర్పు అంతా ఒక నమ్మకంమీద నిలబడుతుంది: ముక్కల్ని బాగా కలిపారని. కలిపినవాడు నిజాయితీపరుడైతే చెడ్డ వరస చెడ్డ వరసే, దానిమీద కోపం తెచ్చుకోవడం ఎండమీద కోపం తెచ్చుకోవడంలాంటిది. కట్టలోనే మోసముంటే? అప్పుడు నిబ్బరంగా కూర్చుని పడేస్తూ పోయినవాళ్ళే అందరికన్నా ముందు మునుగుతారు.

మన దగ్గర ఈ ప్రశ్న వేసింది ద్రౌపది. మాయజూదంలో సర్వమూ పోయాక, అరణ్యపర్వంలో, ధర్మరాజుతో ఆమె చేసిన వాదాన్ని సభలో వేసిన ప్రశ్నంత తరచుగా మనం తల్చుకోం. బలి తన తాత ప్రహ్లాదుణ్ణి ఓర్పు మేలా, పరాక్రమం మేలా అని అడిగిన కథ చెప్తుందామె. ఏదీ అన్నివేళలా మేలు కాదని, ఎప్పుడూ ఓర్చుకునేవాణ్ణి సేవకులు కూడా లెక్కచెయ్యరని ప్రహ్లాదుడి జవాబు. ధర్మరాజు దానికి బదులుగా క్షమని కీర్తిస్తూ పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. తన క్షమకి పందెంగా పోయింది ఎవరన్నది అందులో ఉండదు. ఆమెకి కోపం తలకెక్కిందనుకోవడం సులువు. కానీ ఆ ఆటలో మోసాన్ని సరిగ్గా కొలిచిన సాధనం ఆ కోపమే.

అదే పర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుని ఊరడించడానికి నలుడి కథ చెప్పి, చివర్లో పాచికల మర్మం కూడా నేర్పిస్తాడు. ఓడిన మగవాడికి ఓదార్పూ దొరుకుతుంది, విద్యా దొరుకుతుంది. ఆ కథలో నన్ను ఆపేది దమయంతి. నలుడు వరసగా ఓడిపోతూ ఎవరి మాటా వినని దశలో ఆమె సారథి వార్ష్ణేయుణ్ణి పిలిపించి, పిల్లలిద్దర్నీ రథమెక్కించి విదర్భకి, పుట్టింటికి పంపేస్తుంది. పందెంలోకి వెళ్ళకుండా కాపాడగలిగినదాన్ని బల్ల దగ్గర్నుంచి దూరంగా జరిపేసింది. పాతివ్రత్యం కథగా ఎంతో మెచ్చుకుని చదువుకున్న కథలో ఇంత చక్కని లెక్క ఉందని మా తరగతుల్లో ఎవరూ చెప్పలేదు. ఆమెకి పంపడానికో పుట్టింటి రాజ్యం ఉందన్నది కూడా మర్చిపోకూడదు.

మరి చెడ్డ వరసకీ, మోసపు కట్టకీ తేడా తెలిసేదెలా? లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 1995లో బార్బరా ఎన్‌రైట్ చివరి బల్లదాకా వచ్చి అయిదో స్థానంలో నిలిచింది. మళ్ళీ ఒక స్త్రీ, లియో మార్గెట్స్, ఆ బల్ల దగ్గర కూర్చున్నది 2025లో. ముప్పై ఏళ్ళు. ముక్కలకి ఆడా మగా తెలియదు, ఆ మేరకు ఆట నిజాయితీదే. కానీ ఆ పోటీలో కూర్చునే ఆడవాళ్ళే బహు కొద్దిమంది. ఎక్కడ చూడాలో ఈ లెక్క చెప్తుంది: పంచిన ముక్కల్లో కాదు, కుర్చీల దగ్గర.

నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. డాక్టరేట్ వచ్చి ఎనిమిదేళ్ళు. గంటల లెక్కన జీతమిచ్చే గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెప్తున్నాను. సెలవుల్లో జీతం ఉండదు. శాశ్వత ఉద్యోగానికి ఆరు ఇంటర్వ్యూలకి వెళ్ళాను. ప్రతిసారీ పెద్దవాళ్ళు, మంచివాళ్ళే, "ఓపిక పట్టమ్మా, నీకూ వస్తుంది" అన్నారు. ఆరంటే ఆరు. ఆరు ఆటల్లో జత పడకపోతే ఏ ఆటగాడూ దాన్ని వరస అని కూడా అనడు. నా ఆరింటినిబట్టి నేనేమీ తేల్చలేను. నాకన్నా మంచి అభ్యర్థి ఆరుసార్లూ వచ్చి ఉండొచ్చు.

అయితే పోకర్‌లో పడేసిన ముక్కల్ని బోర్లా పడేస్తారు. అవేమిటో ఇంకెవరూ చూడరు, అది మర్యాద. మనమూ ఆ మర్యాదే పాటిస్తాం. తిరస్కారం సిగ్గుపడాల్సిన విషయం కాబట్టి ఎవరి ముక్కలు వాళ్ళు బోర్లా పెట్టి, మొహం నిబ్బరంగా పెట్టుకుని, తర్వాతి పంపకంకోసం కూర్చుంటాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు జరిగిందేమిటో నాకిప్పుడు వేరేగా అర్థమవుతోంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొని, అయిపోయాక ఇళ్ళకి పొమ్మనిపించుకున్న స్త్రీలు ఎవరికి వాళ్ళు తమ రాత అనుకున్నవాటిని ఒకచోట తిరగేసి పెట్టారు. పక్కపక్కన పెట్టి చూస్తే అది రాతలా లేదు.

మా విషయంలో అంత పెద్ద మాట అనడానికి ఇంకా ఆధారం లేదు. మాలాంటివాళ్ళం పద్నాలుగుమందిమి ఒక నోటుపుస్తకం పెట్టాం. తేదీ, పోస్టు, బోర్డులో ఎవరెవరున్నారు, ఏం అడిగారు, ఎవరికి ఇచ్చారు. పెళ్ళయిందా, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలకి వేరే గడి గీశాం. మొదట ఇద్దరు రాయమన్నారు, తర్వాత వాళ్ళే వచ్చి రాశారు. అందులో ఒకావిడ నా ఆరో ఇంటర్వ్యూకి వచ్చిన అభ్యర్థే అని పుస్తకంలో చూశాకే తెలిసింది. ఆ రోజు వరండాలో మేం పక్కపక్కన కూర్చుని కూడా మాట్లాడుకోలేదు.

పోయిన నెల ఆ ఎంపికల మార్కుల జాబితాలు కోరుతూ 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి. జవాబివ్వడానికి ముప్పై రోజుల గడువుంది. ఇవాళ్టికి ఇరవైరెండు.