ఆశ్రితునకు జాతి యేల?

వీధిలో దొరికిన కుక్కపిల్ల యొకటి గృహమున చేరినచో, చూడవచ్చిన వారు మొట్టమొదట వేయు ప్రశ్న ఒక్కటే: "ఇది ఏ జాతి?" దాని పేరేమని గాని, ఏమి తినుచున్నదని గాని, దాని తల్లి యేమైనదని గాని అడుగువారు అరుదు. ఇంటివారును ఈ ప్రశ్నకు సిద్ధముగనే యుందురు. చెవులు వ్రేలాడుచున్నచో లాబ్రడార్ పోలిక యందురు. నిక్కియున్నచో ఆల్సేషియన్ క్రాస్ అందురు. రోమములు ఒత్తుగ నున్నచో పామెరేనియన్ కలిసినదందురు. "ఊరకుక్క" యని ఒప్పుకొనుటకు మాత్రము నోరు రాదు. మన భాషలో "సీమ" అను మాట ముందు చేరిన కుక్కకు గౌరవము హెచ్చు. "ఊర" అను మాట చేరిన దానికి రాతి దెబ్బయే బహుమానము.

ఇది హానిలేని వేడుక గదా యని తోచవచ్చును. పసిబిడ్డను చూచి ముక్కు తాతదనియు, నవ్వు మేనత్తదనియు చెప్పుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. అంతవరకు దోషము లేదు. అయితే ఈ వేడుక విలువ కట్టు త్రాసుగ మారుట యెచ్చటనో గమనింపవలెను. బొద్దుగ నున్న పిల్లను లాబ్రడార్ అని నమ్మి ముద్దుగ పెంచి, ఏడాది గడచునప్పటికి అది సన్నని కాళ్ళతో, చుట్ట తిరిగిన తోకతో సామాన్యమైన వీధికుక్కగ ఎదుగగా, దానిని తిరిగి వీధిలోనే విడిచిన వారు లేకపోలేదు. ఆ యేడాదిలో కుక్క విశ్వాసము తగ్గలేదు. చెదరినది యజమాని ఊహ మాత్రమే. ఊహ చెదరినంతనే తొలగిపోవు ప్రేమ ఎవరిపై నిలిచిన ప్రేమ? కుక్కపైననా, దాని జాతిపేరు వలన తమకు కలుగు గొప్పతనముపైననా? ఇచటనే ఈ చిన్న ప్రశ్న ధర్మప్రశ్న యగుచున్నది.

మొదట ఆ ఊహ ఎంతవరకు సత్యమో చూడవలెను. ఈనాడు జంతువుల జన్యువులను పరీక్షించి పూర్వజాతులను తెలిసికొను విధానము కలదు. 2005వ సంవత్సరమున ఒక బాక్సర్ జాతి ఆడుకుక్క జన్యుక్రమమును శాస్త్రజ్ఞులు ప్రకటించిన పిదప ఈ పరీక్షలు సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినవి. 2009లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శరణాలయముల నుండి దత్తత పొందిన 20 కుక్కలను పరీక్షించిరి. ఫలానా జాతుల కలయిక యని శరణాలయముల వారు చూపుమేర నిర్ణయించిన కుక్కలలో, వారు చెప్పిన జాతులలో ఒక్కటియైనను ప్రధానముగ కనబడినవి నాలుగవ వంతు మాత్రమే. నిత్యము కుక్కల నడుమ మెలగువారి కన్నే ఇట్లు మోసపోగా, వరండాలో కూర్చుండి కాఫీ త్రాగుచు నిర్ణయించు అతిథి మాట యెంత?

ఇందుకు కారణము దుర్గ్రాహ్యము కాదు. కుక్క శరీరమున సుమారు 20,000 జన్యువులు కలవు. రోమముల పొడవు, వంపు, మీసకట్టు మున్నగు వానిని ముఖ్యముగ మూడు జన్యువులు శాసించునని 2009లోనే తేలినది. కంటికి తోచునది ఇట్టి కొద్దిపాటి జన్యువుల పని. తక్కినదంతయు కంటికి కానరాదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు బసెంజీ, కాకర్ స్పానియల్ అను రెండు జాతులను కలిపి పెంచి, ఆ ఫలితములను 1965లో గ్రంథముగ ప్రకటించిరి. ఆ సంతతిలో రెండు జాతులలో దేనినీ పోలని పిల్లలు పుట్టినవి. అంతియే కాదు, ఒక్క ఈతలోని పిల్లలకే వేరువేరు తండ్రులుండుట కుక్కలలో కలదు. ఒకే గోనెసంచిపై పండుకొన్న తోబుట్టువులే పరస్పరము పోలకున్నప్పుడు, చెవి చూచి వంశము చెప్పుట ఎట్లు?

మరియొక వింత కలదు. నల్లని కుక్కకు కనుబొమలపై గోధుమవన్నె చుక్కలున్నచో డాబర్‌మన్ రక్తమనియో, రాట్‌వీలర్ రక్తమనియో చెప్పుదురు. ఋగ్వేదము పదవ మండలమున యమధర్మరాజు మార్గమును కాచు సారమేయములు నాలుగు కన్నులు గలవిగ వర్ణింపబడినవి. కన్నులపైనున్న చుక్కలే ఆ తక్కిన రెండు కన్నులని కొందరు పండితుల వ్యాఖ్యానము. అది యటులుండగా, కుక్కజాతులను గ్రంథస్థము చేయు కెన్నెల్ క్లబ్ లండనులో స్థాపింపబడినది 1873లో. నేడు వినబడు సీమజాతులలో అధికభాగమునకు ప్రస్తుతరూపము ఏర్పడినది ఆ పందొమ్మిదవ శతాబ్దముననే. మన పల్లెల కుక్కలు ఈ జాతులన్నియు కలసి చెడగా పుట్టినవి కావు. ఈ జాతులు ఏర్పడుటకు ఎంతో పూర్వము నుండి మనుష్యుని గడపను అంటిపెట్టుకొని బ్రదుకుచున్నవి. నగరములలో కొంత కలయిక జరిగియుండవచ్చును. అయినను ఊరకుక్కను చూచి "ఇందులో ఏ జాతి కలిసినది?" అని యడుగుట, మఱ్ఱిని చూచి ఇది యే కుండీలోని మొక్కకు అంటుకట్టినదని యడుగుట వంటిది.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. జాతి తెలిసినచో స్వభావము తెలియును గదా. ఇంట పసిపిల్లలున్నప్పుడు కుక్క స్వభావమెట్టిదో ముందుగ ఎరుంగుట వివేకము కాదా? ఆరోగ్యవిషయమునను ఇది యుపయోగపడదా? ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. కొన్ని జాతులలో వంశానుగతమైన వ్యాధులు కలవు; అట్టి వానిని తెలిసికొనుటకు జన్యుపరీక్ష మేలు చేయును. కాని స్వభావమును గూర్చి 2022లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధన వేరుగ పలుకుచున్నది. 18,385 కుక్కల యజమానులను ప్రశ్నించి, వానిలో 2,155 కుక్కల జన్యువులను పరిశీలింపగా, కుక్కకును కుక్కకును గల ప్రవర్తనాభేదములలో జాతి వలన కలుగునది సగటున 9 శాతము మాత్రమే యని తేలినది. అనగా ఎదుటనున్న కుక్కను ఎరుంగవలెనన్న జాతిపేరు చాలదు. అది ఆకలిగొన్నప్పుడు ఎట్లుండునో, భయపడినప్పుడు ఏమి చేయునో, పిల్లలు తోక లాగినప్పుడు ఎంత సహించునో ఓపికతో గమనింపవలసినదే. పేరు చూచి భయపడుట ఎంత తొందరపాటో, పేరు చూచి ఏమరియుండుటయు అంత తొందరపాటే.

పుట్టుకను చూచి నడవడిని నిర్ణయించుట వలన కలుగు కీడును మహాభారతము ఆదియందే చూపినది. జనమేజయుని యజ్ఞశాల చెంతకు సరమ కుమారుడగు సారమేయుడు రాగా, రాజసోదరులు వానిని కొట్టిరి. తన బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏల కొట్టితిరని ఆ దేవశుని యడిగెను. వారు ఏమియు పలుకలేదు. పలుకుటకు వారి కడ ఏమియు లేదు. చేసిన తప్పు చూచి కొట్టియున్నచో సమాధానము దొరకెడిది. కుక్క యగుటయే తప్పుగ నెంచి కొట్టినవారికి సమాధానమెట్లు దొరకును? నిరపరాధిని హింసించినందున ఊహింపరాని భయము కలుగునని సరమ శపించెను.

అదే భారతము తుదకు వచ్చునప్పటికి మరల ఒక కుక్క కానవచ్చును. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును ఒక్కొక్కరే పడిపోగా, ధర్మరాజు వెంట నడచినది కుక్క యొక్కటే. దేవేంద్రుడు రథముతో వచ్చి, కుక్కను విడిచి రమ్మనెను. తమ్ములను విడిచినవాడవు కుక్కను విడువలేవా యని కూడ అనెను. వారు మరణించిన పిదప తాను చేయగలిగినది లేదనియు, బ్రదికియుండగా వారిని విడువలేదనియు, తన్ను నమ్మి వచ్చినదానిని స్వర్గము కొరకు విడువజాలననియు ధర్మరాజు బదులు పలికెను. ఈ కథలో ఒక సూక్ష్మము కలదు. ఆ కుక్క యెవరిది, ఎచ్చటిది, ఎట్టిది యని ధర్మరాజు ఒక్కమారైనను అడుగలేదు. తుదకది ధర్మదేవతయే యని తెలిసినది నిజమే. కాని ధర్మదేవత యని ముందే యూహించి విడువకుండినచో ఆ విడువకుండుటలో గొప్పతనమేమున్నది? అది లాభము నెంచిన నమ్రత మాత్రమే యగును. వట్టి కుక్క యని యెంచియు విడువకపోవుటయే పరీక్షలో నెగ్గుట.

కుక్క విషయమున "జాతి" యను మాటను ఇంత సులభముగ వాడు నాలుకయే మనుష్యుల విషయమునను ఆ మాటను వాడుచున్నది. అద్దెకు ఇల్లడుగ వచ్చిన వానిని, పనికి వచ్చిన దానిని, పిల్లవాని స్నేహితుని, గుణము తెలియకముందే పుట్టుక యడుగు అలవాటు ఇంటి యరుగు మీదనే మొదలగును. నోరులేని ప్రాణి పట్ల ఈ అలవాటును మానుకొన్న బాలునకు, నోరున్న మనుష్యుని పట్ల మానుకొనుట సులభమగును. గీత పండితునకు చెప్పిన సమదృష్టిలో కుక్కయు లెక్కకు వచ్చినది. అందరియందు అంత దృష్టి యొక్కసారిగ కుదురకపోవచ్చును; ఇంటిలోని కుక్క దగ్గర దాని తొలిపాఠము నేర్చుకొనవచ్చును.

మరి "ఇది ఏ జాతి?" యను ప్రశ్నకు ఉత్తరమేమి? "తెలియదు" అనుటయే ఉత్తరము. ఛాందోగ్యోపనిషత్తునందు గురువు గోత్రమడుగగా సత్యకాముడు తెలియదనియే పలికెను. సత్యము నుండి తొలగలేదని మెచ్చి గౌతముడు వానిని శిష్యునిగ స్వీకరించెను. తెలియనిదానిని తెలియదనుటలో చిన్నతనము లేదు. కుక్కకు లేని వంశమును అంటగట్టుటలో గౌరవము లేదు.

తెలిసికొనదగినవి వేరే కలవు. చెవి అంచున చిన్న గాటున్నచో దానికి సంతాననిరోధక శస్త్రచికిత్స జరిగినదని గుర్తు. అది యే పత్రముకంటెను స్పష్టమైన చరిత్ర. పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించిరా, ఏటేటా మరల వేయించుచున్నారా? వేసవిలో నీటితొట్టి నిండియున్నదా? ఇంటివారు ఊరికి పోయినప్పుడు దాని కెవరు దిక్కు? ముసలితనమున పండ్లూడి, చూపు తగ్గి, నడవలేనినాడు ఎవరు చూచెదరు? వీధిలోని వారికి దాని వలన భయము కలుగకుండ కట్టుబాటు చేసిరా? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పగలిగిన గృహస్థుడు, మొదటి ప్రశ్నకు ఉత్తరము చెప్పలేకున్నను లోపము లేదు. గడప దాటి వచ్చిన ఆ ప్రాణి యజమాని గోత్రమడిగి లోనికి రాలేదు; చేయి చాచిన వానిని నమ్మి వచ్చినది. ఆ నమ్మకము చెడకుండ కాపాడుటయే గృహస్థుని ధర్మము.