పుట్టించి పెట్టిన జబ్బు

1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్‌లు కుక్కల క్లోమం తీసేసి వాటికి చక్కెర జబ్బు తెప్పించారు. అలా దొరికిన ఇన్సులిన్‌ను రోజూ పొడుచుకునే నాకు ఆ ప్రయోగాన్ని తప్పుపట్టే నోరు లేదు.

మ్యూనిక్ పందుల సంగతి వేరు. కొందరు పసికందులకు పుట్టిన తొలి నెలల్లోనే మధుమేహం తెచ్చే జన్యులోపాన్ని అక్కడి శాస్త్రజ్ఞులు పందుల్లో ప్రవేశపెట్టి, 2013లో ప్రకటించారు. ఆ లోపంవల్ల ఇన్సులిన్ సరిగా మడతపడక, దాన్ని తయారుచేసే బీటా కణాలే దెబ్బతింటాయి. ఎలాగో చూడాలి. ఎలుకలు చాలవా? ఎలుకల్లో జబ్బును ఆపిన మందులు మనుషుల్లో ఎన్నోసార్లు విఫలమయ్యాయి గనుక చాలవు. ఒప్పుకుంటాను. తరువాత కొన్ని పందులకు ప్రాణం నిలిచేటంత ఇన్సులిన్ మాత్రమే ఇచ్చి, చక్కెర దిగనీయకుండా రెండేళ్ళు పెంచారు. మోతాదు తెలియక కాదు.

"ప్రయోగం లేకుంటే ఆ పంది పుట్టేదే కాదు, ఇక దానికి జరిగిన అన్యాయమేమిటి?" అంటారు. ఈ తర్కం నాకు మింగుడుపడదు. కన్నతండ్రి బిడ్డతో "నేను కనకపోతే నువ్వెక్కడ?" అని పస్తు పెడితే ఊరుకుంటామా? టొరాంటో కుక్కకు జబ్బుకు ముందు కొంత బతుకుంది. ఈ పందికి ఆ కాస్తా లేదు. ప్రయోగం మానమనను. పుట్టించకముందే దాని బాధకు హద్దు రాసిపెట్టమంటాను. ప్రశ్నకు జవాబు దొరకకపోయినా సరే, ఆ హద్దు దగ్గర ఆగమంటాను.