పాంసుకూలం ఎవరి ఇష్టం?

పోర్ట్‌బ్లెయిర్ చెత్త చాలా ఏళ్లుగా బ్రూక్షాబాద్ చేరుతోంది. పట్నం పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది కానీ, చెత్తకు కొత్త పేరేమీ రాలేదు. అండమాన్ తీరాన ఎక్కడ చూసినా కొబ్బరి చిప్పలు, తెగిన వలలు, అలలు తెచ్చి పడేసిన చెప్పులు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మన కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి.

ఆ పిల్లలకు బొమ్మలు నేర్పే టీచరు ఒకరు, "రంగులూ కాగితాలూ పక్కన పెట్టండి. చేతికి దొరికినదానితో, మనసుకు తోచినట్టు చేయండి" అన్నారనుకుందాం. ఈ మాట ఇప్పుడు చాలా కళాశాలల్లో వినబడుతోంది. మనం దీన్ని మెచ్చుకోవాలా, అనుమానించాలా?

మెచ్చుకోవడానికి మన దగ్గర పాత కారణమే ఉంది. తొలి భిక్ఖువులు దుమ్ముకుప్పల మీద, శ్మశానాల్లో పారేసిన గుడ్డపీలికలు ఏరి, ఉతికి, రంగు వేసి చీవరం కుట్టుకున్నారు. అదే పాంసుకూలం. మగధలో గట్లు కట్టిన వరిమళ్లను చూపించి, ఇలాంటి చీవరం కుట్టగలవా అని తథాగతుడు ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు కుట్టి తెచ్చాడు. ముడిసరుకు చెత్తకుప్పది, నమూనా రైతు పొలానిది.

దగ్గరి కాలంలో రామ్‌కింకర్ బైజ్ ఉన్నాడు. బాంకురాలో మంగలి కుటుంబంలో పుట్టాడు (మన ఉపాలి థేరుడిదీ అదే వృత్తి). 1938లో శాంతినికేతన్‌లో సిమెంటు, ఎర్ర కంకర కలిపి, ఆరుబయట సంతాల్ కుటుంబాన్ని నిలబెట్టాడు. తల మీద, కావడిలో సంసారం మోసుకుంటూ నడిచిపోయే కూలి మనుషులకు పాలరాయి కన్నా ఆ గరుకు కంకరే నప్పింది.

మరి అనుమానం ఎందుకు? ఆ మాట ఎవరితో అంటున్నామన్న దాని మీదే అంతా ఉంది. ఉన్నవాళ్ల బిడ్డకు చెత్తతో ఆట ఒక సెలవు రోజు. తాత తరం దాకా ఊరి మలినం మోసిన ఇంటి బిడ్డకు అదే మాట వేరుగా వినిపిస్తుంది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం మానెయ్యమని మనవాళ్లకు చెప్పారు. వదిలి వచ్చిన కుప్ప దగ్గరికే కళ పేరుతో మళ్లీ పొమ్మంటే మనకు గుచ్చుకోదా?

దీనికి జవాబు వినయపిటకంలో దొరికింది. భిక్ఖువులందరూ బతికినంత కాలం పాంసుకూలమే ధరించాలని దేవదత్తుడు పట్టుబట్టాడు. తథాగతుడు ఒప్పుకోలేదు. ఇష్టమైనవాడు పీలికలు కట్టుకోవచ్చు, ఇష్టమైనవాడు గృహస్థు ఇచ్చిన చీవరం తీసుకోవచ్చు అన్నాడు. మేము ఈ ఘట్టాన్ని చాలా కాలం సంఘభేదం కథగానే చదివాం. అసలు సంగతి ఎంచుకోవడంలో ఉంది. రంగులు కొనలేని బడిలో చెత్తతో బొమ్మలు చేయిస్తే అది లేమి. దాన్ని లేమి అనే పిలవాలి, తత్త్వం అనకూడదు.

'మనసుకు తోచడం' అనే మాట మన హేతువాద మిత్రులకు రుచించదు. బాబాలు ఆ మాటతో చేసిన వ్యాపారం అలాంటిది. కానీ తండ్రి పక్కన కూర్చుని వల బాగుచేసిన పిల్ల తెగిన వల చేతికి తీసుకుంటే, తోచే ముడి ఆకాశం నుంచి రాదు. ఏళ్ల శ్రమ నుంచి వస్తుంది. పుస్తకాల చదువులో వెనుక బెంచీలో కూర్చునే ఆ పిల్ల ఇక్కడ అందరికన్నా ముందుంటుంది. చేశాక మాత్రం టీచరు ప్రశ్నించాలి: ఇది నిలబడుతుందా, ఈ ముడి ఇక్కడే ఎందుకు? కాలాములకు చెప్పిన పరీక్షే ఇదీ. గాజుపెంకులు, సూదులు ఏరి పారేయడం, సరుకు కడగడం పెద్దల పని. పగడపు ముక్కలు ముట్టకూడదు, వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతోంది.

ఇంతా చెప్పాక ఒక పిల్ల ఆ కుప్ప వైపు చూసి, "నాకు నీటిరంగులే కావాలి మేడమ్" అంటే? ఇవ్వాలి, ముందు ఆమెకే ఇవ్వాలి. డబ్బెక్కడిది అంటారా, ఏప్రిల్ 14న మన సంఘాలు ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చు లెక్క ఒకసారి తీద్దాం.