సేవకు లెక్క

తెలంగాణలో 200 రూపాయల వృద్ధాప్య పింఛను 2014లో 1000, 2019లో 2016 అయింది. తన పేర నెలనెలా వచ్చే ఆ డబ్బు ముసలమ్మకు ఎంత ధైర్యమో చూశాను. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అది ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది. ఇంటికొచ్చాక? నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లకు నడుం వంగిన మనిషిని లేపి కూర్చోబెట్టేదెవరు? పాలమూరులో కొడుకూ కోడలూ వలసపోతే, వాళ్ల పిల్లల్ని సాకే అవ్వకు జ్వరమొస్తే చూసేదెవరు? ఆడవాళ్ల ఈ చాకిరీ ఏ పద్దులోనూ లేదు.

కూలి కడితే ప్రేమ పలచబడుతుందంటారు. డాక్టరుకు జీతమిస్తే తరగని కరుణ కోడలికిస్తే ఎందుకు తరుగుతుంది? ప్రేమ పేరు చెప్పి కూలి ఎగ్గొట్టడమే ఇది. పింఛను దయ కాదు, బాకీ అంటాను నేను. సేవచేసే స్త్రీకి కూలీ, సెలవూ, ఊళ్లోనే నర్సు తోడూ ఆ బాకీలోవే.