రాళ్ల క్రింద దాగినది

ధ్యాన భాగము: సామెతలు 28:13



2017 జనవరి 28న చెన్నై చెంత ఎన్నూరు ఓడరేవు బయట రెండు ఓడలు ఢీకొని తీరము చమురుతో నల్లబడినప్పుడు, జనులు బక్కెట్లతో దానిని ఎత్తిపోసిరి. బక్కెట్లకు అందని చమురు సంగతి ఏమి? దానికి సముద్రములోనే దేవుడు పనివారిని ఉంచియున్నాడు. కంటికి కనబడని బాక్టీరియాలలో కొన్ని చమురునే ఆహారముగా తిని, దానిని నీరుగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. 104వ కీర్తనకారుడు సముద్రములోని లెక్కలేని చిన్న ప్రాణులను తలంచి దేవుని స్తుతించెను, ఇవియు వాటిలోనివే.

1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ రాతిదిబ్బకు తగులగా, సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రము పాలాయెను. శాస్త్రజ్ఞులు ఆ తీరపు రాళ్లమీద అనేకచోట్ల నత్రజని, భాస్వరము గల ఎరువు చల్లిరి. క్రొత్త సూక్ష్మజీవులను తెచ్చి వేయలేదు. అక్కడ ఉన్నవాటికే కొదువైన పోషణ నిచ్చిరి. అవి బలపడి తమ పని త్వరగా చేసినవి.

అయితే 2001లో ఆ తీరమును త్రవ్వి చూడగా, 12 ఏండ్ల తరువాతను రాళ్ల క్రింద చమురు మిగిలియుండెను. పైకి చూచిన శుభ్రమే. క్రింద ప్రాణవాయువు సరిగా అందనిచోట ఆ జీవులు పని చేయలేకపోయినవి.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. పొట్ట చేతపట్టుకొని ఊరుకాని ఊరు వచ్చిన మన తాతలు కట్టిన మందిరములివి. మన భాష నిలిచెను, పాట నిలిచెను. వాటితోపాటు కొన్ని పాత కక్షలును నిలిచినవి. ఎప్పటిదో లెక్కల తగవు, సంఘపెద్దల ఎన్నికలో జారిన మాట, తప్పిపోయిన పెండ్లి సంబంధము. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొందుము. గుమ్మము దాటగానే ముఖము త్రిప్పుకొందుము. కాలమే మాన్పునని ఊరకుందుము. దాచియుంచినదానిని కాలము మాన్పదు. తప్పును మరుగుచేసినవానికి మేలు లేదనియు, దానిని చెప్పుకొని మానినవానికి దేవుని దయ దొరకుననియు సామెతల జ్ఞాని మనకు నేర్పుచున్నాడు.

క్షమించుటకు కావలసిన కృపను ప్రభువు మన మధ్య ఇదివరకే ఉంచెను. ప్రార్థనచేత, వాక్యముచేత దానిని పోషింతము. వచ్చే ప్రభుభోజనపు ఆదివారమునకు ముందే, మనము మాటలాడుట మానిన ఆ ఇంటికి వెళ్లుదము. మన తగవు మన పిల్లలకు ఆస్తిగా మిగులక మునుపే వెళ్లుదము. ప్రభువు మనకు అట్టి ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.