ఎర్రజుట్టు అమ్మాయి

పనికిరానివి పారేస్తే ఇల్లు తేలికపడుతుందంటారు. నిజమే. కాని ఏది పనికిరాదో తేల్చేది ఎవరు?

1928లో అమెరికాలో 'రెడ్ హెయిర్' అని ఒక మూకీ సినిమా వచ్చింది. నాయిక క్లారా బౌ. 1905లో బ్రూక్లిన్‌లో, తిండికీ బట్టకీ కరువైన ఇంట్లో పుట్టి, పత్రికలవాళ్ళు పెట్టిన పోటీలో నెగ్గి సినిమాల్లోకి వచ్చిన పిల్ల. జాజ్ సంగీతం, కత్తిరించిన జుట్టు, పొట్టి గౌన్లు... ఆనాటి ఆడపిల్లల హుషారంతటికీ ఆవిడే గుర్తు. ఆ జుట్టు నిప్పులాంటి ఎరుపట! చూద్దామంటే సినిమాలన్నీ నలుపు తెలుపులే. అందుకని ఈ సినిమా మొదట్లో కొంచెం రంగుల్లో తీశారు.

కథలో ఆమె ఉద్యోగం గోళ్ళు తీర్చిదిద్దడం. ముగ్గురు పెద్దమనుషులు పోటీలుపడి కానుకలిస్తూంటారు. తీరా చూస్తే, ఆమె మనసిచ్చిన కుర్రవాడికి సంరక్షకులు ఆ ముగ్గురే! వాళ్ళు పెళ్ళికి అడ్డంపడేసరికి నిశ్చితార్థపు విందులో, అందరిముందూ, వాళ్ళిచ్చిన బట్టలు ఒక్కొక్కటే విప్పి తిరిగిచ్చేస్తుంది. హాస్యమే అనుకోండి. కాని "ఇచ్చాం గనుక మా మాట వినాలి" అనేవాళ్ళకి ఇంతకన్నా మంచి జవాబు ఏముంటుంది?

ఆ జవాబు మనం చూడలేం. చిన్న తునకలు తప్ప సినిమా మిగల్లేదు.

పగబట్టి ఎవరూ దాన్ని నాశనం చెయ్యలేదు. టాకీలు రావడంతో మూకీలకి గిరాకీ పోయింది, అంతే. ఆనాటి నైట్రేటు ఫిల్ము నిప్పంటుకుంటే ఆగదు, ఊరికే వుంచినా పాడైపోతుంది. దాచాలంటే ఖర్చు, కరిగిస్తే వెండి. లెక్కలు చూసుకునేవాళ్ళు ఇంకేం చేస్తారు? దాదాపు 11,000 అమెరికన్ మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో మిగిలినవి నూటికి 14 మాత్రమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. మన సంగతీ అంతే. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా ఈనాడు లేదు.

"చూసినవాళ్ళు నవ్వుకున్నారుగా, చాలదూ? వండిన వంట మిగలాలని ఏడుస్తామా?" అనవచ్చు మీరు. కాని నలుగురూ తినగా గిన్నె ఖాళీ కావడం వేరు, ఈ పూట ఎవరూ అడగలేదని ఒలకబోయడం వేరు. ఇవాళ అక్కరలేనిది ఎన్నడూ అక్కరలేదనుకోవడంలోనే వుంది పొరపాటు.

పోయాయనుకున్న మూకీలు కొన్ని తర్వాత బయటపడ్డాయి. లాభం చూడకుండా, ముచ్చటపడి దాచుకున్నవాళ్ళ దగ్గర దొరికినవీ వాటిలో వున్నాయి. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించి పెట్టుకున్న ఇల్లాళ్ళు మన వైపూ ఎందరో! "ఈ చిత్తుకాగితాలెందుకే?" అని ఇంట్లోవాళ్ళు నవ్వినా వినిపించుకోలేదు వాళ్ళు. ఇప్పుడు ఆ బైండ్ల కోసమే పుస్తకాభిమానులు వెతుక్కుంటున్నారు.

అన్నీ దాచమనడం లేదు, ఏ ఇల్లూ పట్టదు. పారేసేముందు మాత్రం, "ఇది పనికిరానిది నాకా, అందరికీనా?" అని ఒక్కసారి అడుగుదాం.