పెరటి తెర

ఎర్రగుంట్ల మండలమందలి చిలమకూరు ప్రాంతమున పెరటికి చాటు కట్టుకొనుటకు రాతి కొదువ ఎన్నడును లేదు. భూగర్భశాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి యనియు, లోకము కడపబండ యనియు పిలుచు నాపరాయి పొరలు పొరలుగా విడివడి వచ్చును గనుక, ఇచటి గృహస్థులు బండలను నిలువున పాతి, అంచుకు అంచు చేర్చి, దొడ్డికి దడిగా నిలుపుకొనుచు వచ్చిరి. రెండు బండల నడుమ వ్రేలు దూరునంత సందు మిగులును. సాయంకాలపుటెండ ఆ సందులగుండ సన్నని చారలై తులసికోట మీద పడును. ఇప్పుడా బండల వెనుక మరియొక తెర లేచుచున్నది. ఇనుపరేకును యంత్రముచే లతలుగాను నెమళ్లుగాను కోయించి, రంగు వేయించి, నిలువెత్తున బిగించిన జాలీ యది. దానిని చూచి, ఇరుగుపొరుగుల కంటికి అడ్డము కట్టు కాలము వచ్చెనే యని నొచ్చుకొను పెద్దలు కలరు. సర్వభూతములయందును ఒక్క ఆత్మయే యున్నదని నమ్మువాడు పొరుగువానికిని తనకును నడుమ తెర వేయవచ్చునా యను ప్రశ్న ఆ నొప్పి వెనుక నున్నది. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

అద్వైతులు మాయకు ఆవరణము, విక్షేపము అను రెండు శక్తులను చెప్పిరి. ఉన్న వస్తువును కప్పునది మొదటిది, లేనిదానిని కల్పించి చూపునది రెండవది. తిరుపతిలో స్వామి యెదుట తెర వేసియుండగా త్యాగరాజస్వామి తన లోపలి మాత్సర్యపు తెరను తొలగింపుమని వేడుకొన్నాడని సంప్రదాయము చెప్పుచున్నది. ఇంతమంది మహనీయులు తెర తొలగవలెనని ఆర్తిపడుచుండగా, మనము కూలి యిచ్చి తెర కట్టించుకొనుట అజ్ఞానమునకు గోడ లేపుట వంటిదని ఒకరికి తోచినచో ఆశ్చర్యము లేదు.

అయినను, చిలమకూరులో అగస్త్యేశ్వరుడై కొలువున్న ఆ పరమశివుని గూర్చి శైవాగమములు చెప్పు మాట వేరు. సృష్టి స్థితి సంహారములతోపాటు తిరోభావము, అనుగ్రహము అనునవి యాయన పంచకృత్యములు. మరుగుపరచుట కూడ ఈశ్వరుని పనియే. నటరాజమూర్తి యందు నేల మీద ఊనిన పాదము తిరోభావమునకును, ఎత్తిన పాదము అనుగ్రహమునకును సంకేతములని పెద్దలు వ్యాఖ్యానించిరి. ఊనిన పాదము లేక ఎత్తిన పాదము నిలువదు గదా! చిదంబరమున తెర తొలగించినప్పుడు కనబడునది విగ్రహము కాదు, బంగారు బిల్వపత్రముల సరములు వ్రేలాడు శూన్యాకాశము. మన గుళ్లలోను నైవేద్యవేళ తెర వేయుదురు. దేవునికే భోజనవేళ చాటు కావలసినప్పుడు, స్నానమునకును, బాలింత బిడ్డకు పాలిచ్చుటకును, దుఃఖము వచ్చినప్పుడు ఒంటిగా కూర్చుండుటకును మనుష్యుడు చాటు కోరుట దోషమని నేననజాలను. తెల్లవారకమునుపే లేచి, చీకటి మరుగున నీళ్లు పోసికొన్న స్త్రీలు ఈ సీమలో ఎందరో. బండల దడి చాలునని వాదించు పురుషుడు ఆ దడి చాటున స్నానము చేయవలసినవాడు కాడు.

నన్ను కలతపెట్టునది దాచుట కాదు. జాలీకి మరియొక గుణము కలదు. వెలుతురులో నిలిచినవానికి నీడలోనిది కనబడదు. నీడలో నిలిచి రంధ్రమునకు కన్ను చేర్చినవానికి వెలుపలి వీధియు, పొరుగు దొడ్డియు, అందు బట్టలు ఆరవేయు ఇల్లాలును స్పష్టముగా కనబడుదురు. తాను కనబడక అన్నింటిని చూచుట! బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు అంతర్యామిని వర్ణించుచు, ఆయన ఎవరికిని కనబడక చూచువాడని ఉపదేశించెను. ఆ పదవి అంతర్యామికే చెల్లును. ఏలయన, ఆయన చూపులో కోరిక లేదు, కొండెము లేదు, చూచినదానిని మరునాడు రచ్చబండ మీద చెప్పుట లేదు. మనుష్యుడు ఆ పీఠమెక్కినచో సాక్షి కాడు, వేగులవాడగును. పెరటి తెరలోని అధర్మము, ఉన్నచో, ఇచటనే యున్నది.

ఇందలి న్యాయమును శాసనకర్తలు సైతము ఒక మూల గుర్తించిరి. మొదటనే ఈ జిల్లాతో కూడిన మద్రాసు రాజధానికి వర్తించిన 1882 నాటి సుఖభోగాధికార చట్టపు 18వ ప్రకరణమున ఆచారసిద్ధమైన హక్కులకు ఉదాహరణముగా ఒక పట్టణము చెప్పబడినది. పొరుగువాని మరుగు చెడునట్లు క్రొత్త కిటికీ తెరవరాదను ఆచారము అచట కలదు. ఒకడు రెండవవాని యింటి చెంత ఇల్లు కట్టగానే, అతనికి ఇతనిమీదను, ఇతనికి అతనిమీదను ఒక్కటే హక్కు పుట్టును. ఆ పరస్పరత్వమే నాకు ముఖ్యముగా తోచును. తన మరుగును కోరువాడు ఆ క్షణముననే ఎదుటివాని మరుగుకు పూటపడుచున్నాడు. తలుపు మ్రోగించి, దగ్గి, పేరు పెట్టి పిలిచి దొడ్డిలోనికి వచ్చు మన పల్లెటూరి మర్యాద, చట్టము పుట్టకమునుపే ఆ బాకీని తీర్చుచుండెడిది.

కావున జాలీ నిలుపుకొనదలచిన గృహస్థునకు నా మనవి యిది. రంధ్రములను కన్నుల మట్టమునకు పైన కోయింపుము. గాలియు వెలుతురును వచ్చును, కన్ను పోదు. స్నానపుగది ఉన్న ప్రక్క నిండుగా మూయుము. పొరుగింటి వైపు మాత్రము చిన్న దిడ్డివాకిలి నొకదానిని విడువుము. రాత్రివేళ ఆ యింట ఎవరికైన జబ్బు చేసినచో, వీధి చుట్టి రానక్కరలేక, వారు దానినే తట్టుదురు.